మూడో మనిషి చూపు

టోక్యో వెళ్ళి ఏం చూశావంటే యూరప్ బొమ్మలు చూశానని చెప్పేవాడికి మనలో మర్యాద దక్కదు. తిరుపతి వెళ్ళి జూపార్కు చూసొచ్చినట్టుంది అంటారు. నా మేనల్లుడు అంతమాట అనలేదు గానీ, ఉయెనో స్టేషన్‌లో పార్కు వైపు గేటు దాటాక ఆగి అడిగాడు.

"మామయ్యా, ఫ్రెంచివాళ్ళ బొమ్మల కోసం జపాన్ రావాలా? నాలుగడుగులు వేస్తే వీళ్ళ నేషనల్ మ్యూజియం ఉంది. కత్తులున్నాయి, కవచాలున్నాయి. అక్కడికి తీసుకెళ్ళమని అమ్మ మరీమరీ చెప్పింది."

"అక్కడికీ వెళ్దాంలేరా. ముందు ఇది."

"ఇందులో జపాన్‌ది ఏముంది?"

వాడు నిషి కసాయ్‌లో ఉంటాడు. మన సాఫ్ట్‌వేర్ కుటుంబాలు ఎక్కువగా కాపురం పెట్టే పేట అది. ఆదివారం నిద్ర మానుకుని నా వెంట వచ్చినవాడు, కాబట్టి వాడి ప్రశ్నను తేలిగ్గా తీసెయ్యడానికి లేదు.

మొదటి జవాబు భవనమే ఇచ్చింది, అదీ మన దేశం మీదుగా. నేషనల్ మ్యూజియం ఆఫ్ వెస్టర్న్ ఆర్ట్ అని దాని పేరు. నమూనా గీసింది లె కార్బూజియే. అప్పటికి ఆయన చేతిలో చండీగఢ్ పని నడుస్తోంది. 1955లో ఒకే ఒక్కసారి జపాన్ వచ్చి, స్థలం చూసుకుని, వెళ్ళి గీతలు గీసి పంపాడు. వివరాలన్నీ తేల్చి భవనాన్ని నిలబెట్టింది ఒకప్పుడు పారిస్‌లో ఆయన దగ్గర పనిచేసి వచ్చిన ముగ్గురు జపాన్ ఆర్కిటెక్టులు: కునియో మయెకవా, జుంజో సకకురా, తకమసా యోషిజకా. స్తంభాల మీద లేచిన చదరపు పెట్టెలా ఉంటుంది. గోడలకు గులకరాళ్ళు పొదిగిన కాంక్రీటు పలకలు. లోపల నడిమధ్య ఒక హాలు, అందులోంచి పై అంతస్తుకు తీసుకెళ్ళే వాలుదారి, హాలు చుట్టూ గదులు. బొమ్మలు పెరిగేకొద్దీ బయటివైపు చుట్టు మీద చుట్టు వేసుకుంటూ పోవచ్చన్నది ఆయన పథకం. ఆ పథకంతో లేచిన మ్యూజియాలు మూడే. ఒకటి అహ్మదాబాద్‌లో, ఒకటి చండీగఢ్‌లో, ఒకటి ఇక్కడ. మూడూ ఆసియాలోనే. 2016లో యునెస్కో ఆయన కట్టడాల్లోంచి 7 దేశాల్లోని 17 ఏరి ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు, ఈ మ్యూజియమూ చండీగఢ్ కేపిటల్ కాంప్లెక్సూ ఒకే పద్దు కింద ఎక్కాయి.

"అయితే మనకు చుట్టమే," అన్నాడు మేనల్లుడు, కొంచెం మెత్తబడి.

ముంగిట్లో టిక్కెట్టు లేకుండానే రోదాన్ శిల్పాలు చూడొచ్చు. అన్నిటికంటే పెద్దది 'నరక ద్వారం'. ఐదు మీటర్ల పైచిలుకు ఎత్తున కంచు తలుపు. దాని మీద ఒకరినొకరు పట్టుకుని జారిపోతున్న మనుషులు, దాదాపు 180 మంది. అందరికీ తెలిసిన ఆ 'ఆలోచనాపరుడు' మొదట ఈ తలుపు పైన కూర్చోవడానికి పుట్టినవాడే. 1880లో మొదలుపెట్టిన ఈ పనిని రోదాన్ తన జీవితమంతా మారుస్తూనే ఉన్నాడు. 1917లో పోయేనాటికి అది ప్లాస్టరుగానే ఉండిపోయింది, కంచులో ఆయన చూడలేదు. కంచు పోత కావాలని తొలుత ముందుకొచ్చిన వాళ్ళలో ఒకడు జపాన్‌లో ఓడలు కట్టే వ్యాపారి. ఇప్పుడు దానికి భూకంపాల భయం లేకుండా అడుగున అదిరిపాటు తట్టుకునే దిమ్మె అమర్చారు. 1998లో భవనం మొత్తానికీ పునాదుల కింద అలాంటి ఏర్పాటే చేశారు. నరకం తలుపు కూలిపోకూడదని ఇంత జాగ్రత్త పడడం వీళ్ళకే చెల్లింది.

ఆ ఓడల వ్యాపారి పేరు కోజిరో మత్సుకతా. ఈయన కథ తెలియకపోతే ఈ మ్యూజియంలో కనిపించేవి బొమ్మలే. తెలిశాక ఒక్కో బొమ్మ వెనకా ఒక తగాదా కనిపిస్తుంది.

ప్రధానమంత్రిగా చేసిన మసయోషి మత్సుకతా కొడుకు. అమెరికాలో చదువుకున్నాడు. కోబెలో కవసాకి డాక్‌యార్డుకు తొలి అధ్యక్షుడయ్యాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో యూరప్ ఓడలు సముద్రంలో మునుగుతుంటే, ఎవరూ అడగకముందే ఓడలు కట్టి సిద్ధంగా పెట్టుకుని, అడిగినవాళ్ళకు అడిగిన క్షణాన అమ్మాడు. డబ్బు వరదలా వచ్చింది. 1916లో లండన్‌లో ఉన్నప్పుడు ఆ డబ్బుతో బొమ్మలు కొనడం మొదలుపెట్టాడు. తనకు బొమ్మల సంగతి తెలియదని ఆయనే చెప్పుకునేవాడట. తెలిసినవాళ్ళను పక్కన పెట్టుకున్నాడు. లండన్‌లో ఫ్రాంక్ బ్రాంగ్విన్ అనే చిత్రకారుడు, పారిస్‌లో రోదాన్ మ్యూజియం చూసుకునే లియోన్స్ బెనెదిత్. 1921లో జివెర్నీ వెళ్ళి ముసలి మోనే దగ్గరే, ఆయన ఇంట్లోనే, బొమ్మలు బేరమాడాడు. అలా పోగైనవి వేలల్లోకి వెళ్ళాయి.

ఎందుకు కొన్నట్టు? ఇంటి గోడలకైతే కాదు. టోక్యోలో ఒక మ్యూజియం కట్టాలనుకున్నాడు. క్యోరాకు అని పేరు కూడా అనుకున్నాడు, నలుగురూ కలిసి ఆనందించే చోటని. బ్రాంగ్విన్ చేత నమూనా గీయించాడు. జపాన్‌లో నూనె రంగులతో గీయడం నేర్చుకుంటున్న కుర్రాళ్ళు అసలు నూనె రంగుల బొమ్మనే చూడకుండా, అచ్చులో నలుపు తెలుపుల్లో వచ్చిన నకళ్ళు చూసి నేర్చుకుంటున్నారన్నది ఆయన బాధ. ఆ బాధ మనకు కొత్తది కాదు. అదే కాలంలో రాజమండ్రిలో దామెర్ల రామారావుకు దారి చూపడానికి కాలేజీ ప్రిన్సిపాల్‌గా ఆస్వాల్డ్ కూల్డ్రే అనే బొమ్మలు గీసే ఇంగ్లీషువాడు దొరకడం అదృష్టం. మిగతావాళ్ళకు క్యాలెండర్లే గురువులు.

మ్యూజియం మాత్రం లేవలేదు. 1924లో జపాన్ ప్రభుత్వం విలాస వస్తువుల దిగుమతి మీద నూటికి నూరు పన్ను వేసింది. బొమ్మ ధర ఎంతో పన్నూ అంతే. అందుకని కొన్నవాటిలో చాలా భాగం లండన్‌లో, పారిస్‌లో గోదాముల్లోనే ఉంచేశాడు. 1927లో బ్యాంకులు కూలాయి, వాటితో పాటు డాక్‌యార్డూ కుంగింది. అప్పటికే జపాన్ చేరిన యూరప్ బొమ్మల్ని అప్పుల కింద వేలం వేశారు. 1939లో లండన్ గోదాము తగలబడి తొమ్మిది వందలకు పైగా కళాఖండాలు బూడిదయ్యాయి. ఏవేవి కాలిపోయాయో చెప్పే జాబితా 2016 దాకా బయటపడలేదు. కట్టుబట్టల్లా మిగిలింది పారిస్ వాటా. దాన్ని కాపాడింది హియోకి అనే మాజీ నేవీ అధికారి. జర్మన్లు వస్తున్నారని పారిస్ బయట ఆబొందాన్ అనే పల్లెకు తరలించాడు. కాపలా ఖర్చులకు డబ్బులేక అందులోంచే కొన్ని అమ్మాడు. అమ్మినందుకు ఆయన్ను తప్పుపట్టినవాళ్ళున్నారు. నాకు మాత్రం ఆయన మీద గౌరవమే. యుద్ధంలో, పరాయి దేశంలో, జీతం అందని స్థితిలో, మరొకరి ఆస్తికి కాపలా ఉండడం ఎంతమంది వల్ల అవుతుంది?

1944లో ఫ్రాన్సు వాటిని శత్రువు ఆస్తి కింద జప్తు చేసింది. 1951 శాన్‌ఫ్రాన్సిస్కో ఒప్పందం ప్రకారం అవి ఫ్రెంచి ప్రభుత్వానివే అయిపోయాయి. ఓడిపోయిన దేశం ప్రధాని షిగెరు యోషిదా వాటిని ఇమ్మని అడిగాడు. ఫ్రాన్సు ఒప్పుకుంది, కానీ షరతులు పెట్టింది. వీటికోసం ప్రత్యేకంగా ఒక మ్యూజియం కట్టాలి. కొన్ని మేలైనవి మాత్రం మా దగ్గరే ఉంటాయి. వాన్ గోగ్ పడకగది బొమ్మ అలా ఆగిపోయి ఇప్పుడు ఓర్సే మ్యూజియంలో ఉంది. జపాన్ చేతిలో డబ్బు లేని రోజులు. విరాళాలు పోగుచేశారు. 1959లో భవనం లేచింది, సుమారు 370 కళాఖండాలు వచ్చాయి. ఫ్రాన్సు దీన్ని కానుక అంది. జపాన్ లోపల మాత్రం మనవి మనకొచ్చాయనే అనుకుంది. మత్సుకతా ఇదేదీ చూడలేదు. 1950లోనే పోయాడు.

ఈ కథంతా చెబుతుంటే మేనల్లుడు ఫోన్ జేబులో పెట్టాడు. వాడి తీర్పు ఒక్క ముక్కలో వచ్చింది: "అంటే డబ్బిచ్చి కొన్నవాటిని మళ్ళీ బతిమాలి తెచ్చుకున్నారన్నమాట." పాలేళ్ళను అడిగినా, ప్లీడర్లను అడిగినా అంతకంటే బాగా చెప్పరు.

పై గదుల్లో 17వ శతాబ్దపు ఫ్లారెన్సు చిత్రకారుడు కార్లో దోల్చి గీసిన మేరీమాత ఉంది. నీలం ముసుగు, కిందికి వాలిన కళ్ళు, జోడించిన చేతులు. నల్లటి నేపథ్యంలో ఆ నీలం ఒక్కటే గది మొత్తాన్ని తనవైపు లాక్కుంటోంది. ఆ రంగును లాజవర్దు రాయిని నూరి తీసేవాళ్ళు. అది అఫ్ఘనిస్తాన్‌లోని బదక్షాన్ గనుల నుంచి వెళ్ళేది, బంగారంతో సమానంగా తూగేది. అంటే క్రైస్తవ యూరప్ తన తల్లికి కప్పిన ముసుగు ఆసియా రాయి. అది టోక్యో గోడ మీద వేలాడుతుంటే పరాయిది ఎలా అవుతుందని కాసేపు నాలో నేనే వాదించుకున్నాను.

ఈ బొమ్మకు ఒక తోబుట్టువు లాంటిది ఇదే పార్కులో, మేనల్లుడు వెళ్దామన్న నేషనల్ మ్యూజియంలో ఉంది. అదీ దోల్చి తరహా మేరీమాతే, నీలం ముసుగులోంచి బొటనవేలి కొస మాత్రం బయటికి కనిపిస్తుంది. 1708లో సిదోత్తి అనే సిసిలీ పాద్రీ సమురాయ్ వేషం వేసుకుని యకుషిమా దీవిలో దిగాడు. అప్పటికి జపాన్‌లో క్రైస్తవం నిషేధం. అనుమానం వచ్చినవాళ్ళ చేత మేరీ బొమ్మను, క్రీస్తు బొమ్మను కాళ్ళతో తొక్కించేవాళ్ళు. తొక్కడానికి వెనకాడితే పట్టుకునేవాళ్ళు. సిదోత్తి వెంటనే దొరికిపోయాడు. ఎడో నగరానికి, అంటే ఈ టోక్యోకే తెచ్చారు. అరాయ్ హకుసెకి అనే పండితుడు కూర్చోబెట్టి ప్రశ్నలు వేశాడు. మతం గురించి పాద్రీ చెప్పింది ఆయనకు ఎక్కలేదు, భూగోళం గురించి చెప్పింది బాగా ఎక్కింది, పుస్తకం రాశాడు. పాద్రీ 1714లో నిర్బంధంలోనే చనిపోయాడు. ఆయన సంచిలో దొరికిన ఆ మేరీ బొమ్మను మాత్రం తగలబెట్టకుండా దాచారు.

యూరప్ బొమ్మ ఈ ఊరికి అప్పట్లో ఒక కేసులో సాక్ష్యంగా వచ్చిందన్నమాట. 1998లో దోల్చి మేరీని మ్యూజియం వాళ్ళు డబ్బిచ్చి కొన్నప్పుడు ఈ పాత కేసు వాళ్ళ మనసులో మెదిలే ఉంటుంది. ఆ రెండు బొమ్మల మధ్య దూరం కాలినడకన కొద్ది నిమిషాలు.

బొమ్మల కింది చీటీలు చదువుతూ జపాన్ జనం వరసగా, గోడ పక్కన నీడలా కదులుతున్నారు. ఒకాయన ప్రతి చీటీనీ రెండుసార్లు చదివి, బొమ్మను ఒకసారి చూసి, ముందుకు పోతున్నాడు. నేను ఏదో రాసుకుందామని పెన్ను తీశాను. కాపలా అమ్మాయి చడీచప్పుడు లేకుండా వచ్చి, వంగి నమస్కారం పెట్టి, చేతిలో పెన్సిల్ పెట్టింది. సిరా చుక్క బొమ్మల మీద పడకూడదు. 1964లో పారిస్ లూవ్ర్ నుంచి వీనస్ విగ్రహాన్ని అరువు తెచ్చి ఇక్కడ పెడితే ఎనిమిది లక్షల మందికి పైగా వచ్చారు. ఆ జనమంతా ఇంతే నెమ్మదిగా నడిచి ఉంటారా అని అనుమానం వచ్చింది.

రెన్వార్ బొమ్మ ముందు మాత్రం మేనల్లుడు నవ్వాపుకోలేకపోయాడు. 'అల్జీరియా దుస్తుల్లో పారిస్ స్త్రీలు', 1872. అంతఃపురంలో అలంకరించుకుంటున్న స్త్రీలు. కానీ ఏ అల్జీరియా లేదు, పారిస్ అమ్మాయిల్నే పట్టుకొచ్చి అరబ్బు బట్టలు తొడిగి గీశాడు. అంతకుముందు దెలాక్రువా అల్జీర్సు వెళ్ళివచ్చి గీసిన స్త్రీల బొమ్మ మీద మోజుతో చేసిన పని. ఆ ఏడాది పారిస్ సాలోన్ ప్రదర్శన వాళ్ళు దీన్ని తిప్పి పంపారు.

"మన పాత జానపద సినిమాల్లో రాజనర్తకి సెట్టు ఇలాగే ఉంటుంది కదూ మామయ్యా," అన్నాడు.

నిజమే. సెట్టేనని తెలుస్తూనే ఉంది. తివాచీ ఎక్కడిదో, గాజుపాత్ర ఎక్కడిదో, ఆ మొహాలు మాత్రం పారిస్ వీధివి. తూర్పు అంటే ఇలా ఉంటుందని ఒక పారిస్ కుర్రాడు కలగన్న తూర్పు అది. దాన్ని తూర్పు కొసన ఉన్న దేశపు వ్యాపారి కొన్నాడు. ఇప్పుడు దాని ముందు విజయవాడ నుంచి వచ్చిన నేను నిలబడ్డాను. రెన్వార్ ఊహలో ఈ వరస ఉండదు. ఫ్రెంచివాడెవరైనా ఈ బొమ్మ చూసి కొంచెం సిగ్గుపడొచ్చు, వాళ్ళు అల్జీరియాను ఏలిన సంగతి గుర్తొచ్చి. అల్జీరియావాడు చూస్తే ఒళ్ళు మండొచ్చు. నాకు రెండూ కలగలేదు. మధ్యలో కూర్చున్నామె ఒంటి మీద పడిన వెలుతురు మీద తీరిగ్గా కళ్ళు నిలిచాయి.

ఆ తీరిక ఎక్కడిదా అని ఆలోచించాను. లండన్ బ్రిటిష్ మ్యూజియంలో అమరావతి గది చూసినప్పుడు నాకది లేదు. అద్దాల గది, చల్లటి గాలి, గోడలకు మన సున్నపురాతి పలకలు. కృష్ణ ఒడ్డున 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసు చేర్చినవి, 1859లో ఓడెక్కినవి. ప్రతి పలక మీదా పద్మాలు, ఏనుగులు, నమస్కరించే నాగులు. ఎంత సేపున్నా చూపు శిల్పం మీద నిలవలేదు, కింద చీటీ మీదే నిలిచింది. ఎప్పుడు తెచ్చారు, ఎవరు తెచ్చారు, ఎన్ని తెచ్చారు. దావా వేసినవాడు కోర్టులో తన పొలం పటం చూసే చూపు అది. పొలం అందంగా ఉందా అని ఆ పటంలో ఎవడు చూస్తాడు? ఇంకో తమాషా ఏమిటంటే, ఆ గది జపాన్ దినపత్రిక అసహి షింబున్ డబ్బుతో ఏర్పడింది, పేరు కూడా ఆ పత్రికదే. జపాన్ పత్రిక సొమ్ముతో లండన్‌లో తెలుగు రాళ్ళకు నీడ. నాకు ఆ పత్రిక మీద కోపమూ లేదు, కృతజ్ఞత చెప్పడానికి నోరూ రాలేదు.

పారిస్‌వాడికి తన బొమ్మ ముందు వారసుడి బరువుంటుంది. టోక్యోవాడికి మత్సుకతా కథ బరువుంటుంది, ఓటమి, జప్తు, బతిమాలుకోవడం. వచ్చి నిలబడ్డ మూడోవాడికి ఏదీ లేదు. గీసినవాళ్ళూ మనవాళ్ళు కాదు, కొన్నవాళ్ళూ మనవాళ్ళు కాదు. పోగొట్టుకున్నదీ లేదు, దోచుకున్నదీ లేదు. తగవులో సాక్షి కూడా కాడు. బొమ్మను బొమ్మగా చూసే అవకాశం వాడికే ఎక్కువ. యూరప్ వెళ్ళి యూరప్ బొమ్మలు చూస్తే అవి అక్కడే, ఆ గోడలకే మొలిచాయనిపిస్తుంది. ఇక్కడ ప్రతి బొమ్మా ఓడెక్కి వచ్చిందన్న సంగతి కళ్ళెదుటే ఉంటుంది.

ఈ తీరిక వెనక అజ్ఞానం లేదా అంటే, ఉంది. దోల్చి మేరీ ఎందుకు దుఃఖిస్తోందో చిన్నప్పటి నుంచి ప్రార్థనలో విన్నవాళ్ళకు తెలిసినట్టు నాకు తెలియదు. గుంటూరు జిల్లా నుంచి వచ్చిన ఏ క్రైస్తవ కుటుంబపు పెద్దావిడో నా పక్కన ఉంటే, ఆ బొమ్మ ముందు ఆవిడ మూడో మనిషి కాదు, ఇంటి మనిషి. నాకంటే బాగా చూసేది.

మనకూ ఇలాంటి చోటొకటి ఉందని అప్పుడు గుర్తొచ్చింది. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియం. అక్కడ యూరప్ మనకు మొదట కనబడేది గడియారంగా. మధ్యాహ్నం పన్నెండు గంటలకు ముందే జనం కుర్చీల్లో సర్దుకుంటారు, వెనకవాళ్ళు పిల్లల్ని భుజాల మీద ఎత్తుకుంటారు, గడియారంలోని బుల్లి మనిషి బయటికొచ్చి గంట కొట్టగానే హాలంతా ఒకటే సందడి. తర్వాత ముసుగు రెబెక్కా. బెంజోనీ చెక్కిన ఈ పాలరాతి విగ్రహాన్ని మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నాడు. రాతిలోంచి ముసుగు ఎలా తీశాడని ముందు నిలబడి తగాదా పడతాం. తర్వాత ఒకే దుంగలో ముందు మెఫిస్టోఫిలీస్, వెనక మార్గరెట్టా. అద్దంలో వెనక వైపు కనిపించగానే 'అరె' అంటాం. ఇంతే మన యూరప్. పనితనం చూసి ముచ్చటపడతాం, బొమ్మల గదులు త్వరగా దాటేస్తాం.

మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్, మత్సుకతా ఒకే కాలం మనుషులు. ఒకరు నవాబు, ఒకరు కంపెనీ అధ్యక్షుడు. ఒకరు తనకు నచ్చిన ప్రతిదీ కొన్నారు, పింగాణీ, పిడిబాకులు, ఏనుగు దంతపు కుర్చీలు, పుస్తకాలు. మరొకరు దేశానికి ఏం కావాలో ఆలోచించి కొన్నారు. నవాబు 1949లో పోయారు, మత్సుకతా మరుసటి ఏడాది. ఇద్దరూ పోగేసినవాటితో మ్యూజియాలు వాళ్ళు పోయాకే వచ్చాయి. హైదరాబాద్‌ది 1951లో నెహ్రూ తెరిచారు. రుచి విషయానికొస్తే నా ఓటు మత్సుకతాకే. కానీ పిల్లల్ని తీసుకెళ్ళమంటే మాత్రం మూసీ ఒడ్డుకే తీసుకెళ్తాను. ఉయెనోలో పిల్లలు గట్టిగా నవ్వడానికి చోటు లేదు.

మత్సుకతా కోరికలో పడమటి దేశాల ముందు చేతులు కట్టుకునే గుణం లేదా అని మేనల్లుడు మళ్ళీ అడిగాడు, కిందికి దిగుతూ. "మనకూ మ్యూజియం కావాలి, అందులో వాళ్ళ బొమ్మలే ఉండాలి అనుకోవడం బానిసత్వం కాదా?" వాడి ఆఫీసులో ఇలాంటి మాటలు రోజూ నడుస్తాయట, ఎవరి పద్ధతి మేలు, ఎవరి నుంచి ఎవరు నేర్చుకోవాలి. కొంత ఉందనే చెప్పాను. ఆ కాలపు జపాన్‌కు యూరప్ సరసన కుర్చీ వేసుకుని కూర్చోవాలన్న ఆత్రం ఉంది. ఆ ఆత్రమే కొరియా మీద, చైనా మీద ఏం చేసిందో చరిత్రలో ఉంది. మత్సుకతా డాక్‌యార్డు యుద్ధనౌకలూ కట్టింది. అయినా ఒక తేడా ఉంది. అదే తరంలో లోకమంతటా మ్యూజియాలు గెలిచినవాడు ఓడినవాడి దగ్గర్నుంచి తెచ్చుకున్నవాటితో నిండాయి. ఈయన అంగడికి వెళ్ళి ధర అడిగి, డబ్బిచ్చి, రసీదు తీసుకున్నాడు. తూర్పువాడు పడమటివాడి దగ్గర కళను మర్యాదగా కొనుక్కోవడం, పడమటివాడు దాన్ని జప్తు చేయడం: ఈ వరస బడి పుస్తకాల్లో కనిపించదు.

కిందిగదిలో మోనే ఉన్నాడు. ఒక 'నీటికలువలు' బొమ్మ చదరంగా, నిండుగా ఉంటుంది, దాని ముందే ఫోన్లన్నీ లేస్తాయి. ఈ మ్యూజియం దగ్గర ఇంకొకటి కూడా ఉంది, నీళ్ళలో విల్లో చెట్ల నీడలు పడిన కలువలు. అది నాలుగు మీటర్ల పైగా వెడల్పున్న బొమ్మ. మత్సుకతా మోనే దగ్గర నేరుగా కొన్నదే. యుద్ధంలో ఎక్కడో తడిసి, చివికి, దాని సంగతి అందరూ మరిచిపోయారు. 2016లో లూవ్ర్ గోదాములో చుట్టగా దొరికింది. పై సగం లేదు. మత్సుకతా వారసులకు ఇచ్చేశారు, వాళ్ళు 2017లో మ్యూజియానికి రాసిచ్చారు. బాగుచేసి 2019లో జనానికి చూపించారు. కంప్యూటరు సాయంతో పోయిన సగం ఎలా ఉండేదో ఊహించి విడిగా ఒక నకలు తయారుచేశారు గానీ, అసలు బొమ్మకు కొత్త రంగు పూసి పూర్తి చేయలేదు. ఇది నాకు బాగా నచ్చిన పని. మనవాళ్ళు ఉంటే పాత గుడిలో చెయ్యి విరిగిన విగ్రహానికి సిమెంటు చెయ్యి అతికించినట్టు, పై సగం నింపేసి గిల్టు ఫ్రేము కట్టేవాళ్ళు.

నేషనల్ మ్యూజియానికి కూడా వెళ్ళాం. అక్క మాట కాదనలేం కదా. కత్తులు, కవచాలు చూశాం. వాడికి తెలియని సంగతి ఒకటి అక్కడ చెప్పాను. మత్సుకతా పారిస్‌లో ఫ్రెంచి బొమ్మలే కాదు, జపాన్ బొమ్మలు కూడా కొన్నాడు. ఆన్రి వెవేర్ అనే నగల వ్యాపారి చాలా ఏళ్ళుగా పోగేసుకున్న చెక్క అచ్చుల రంగుల బొమ్మలు, ఉకియో-ఎ, దాదాపు 8,000 ఒక్క దెబ్బకు కొని ఇంటికి తెచ్చాడు. వాటికి ఫ్రాన్సు జప్తు బెడద తగల్లేదు. ఈ మ్యూజియంలోనే ఉన్నాయి. జపాన్ తన వీధుల్లో చవగ్గా అమ్ముకున్నవాటిని పారిస్ నుంచి తిరిగి ఖరీదు పెట్టి తెచ్చుకుంది. ఎదుటి మ్యూజియంలో కలువలు గీసిన మోనే ఇంటి గోడల నిండా ఇలాంటివే ఉండేవి, రెండు వందలకు పైగా.

"మరి 8,000 ఏవి?" అన్నాడు. గదిలో కొన్నే ఉన్నాయి. వెలుతురు తగిలితే ఆ రంగులు వెలిసిపోతాయి కాబట్టి కొన్ని వారాలకోసారి మార్చి మార్చి పెడతారు. మొత్తం చూడాలంటే ఇక్కడే కాపురం ఉండాలి. నిషి కసాయ్ కాపురం ఇన్నాళ్ళకు ఒక పనికి వచ్చింది. నేను విజయవాడ చేరాక, వాడు వీలు దొరికినప్పుడల్లా వెళ్ళి ఫోటోలు పంపుతున్నాడు, ఫోటో తియ్యనిచ్చినవి. ఫుజి కొండ, కాబుకి నటుడు, గొడుగు కింద అమ్మాయి. మొన్న వచ్చింది వంతెన మీద వాన. హిరోషిగేది. గీతలు గీతలుగా వాన, గొంగళ్ళు కప్పుకుని పరుగెత్తే మనుషులు.

"వాన్ గోగ్ దీన్నే కాపీ కొట్టాడట కదా మామయ్యా?" అని కింద రాశాడు.

1887లో కొట్టాడు, నూనె రంగుల్లో. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉంది. వాన కొంచెం బరువుగా పడుతుంది, నది కొంచెం పచ్చబడింది. అంచు చుట్టూ జపాన్ అక్షరాలు కూడా దించాడు, వేరే బొమ్మల మీదివి, అవేమిటో తెలియకుండానే, ఆకారం నచ్చి. మేనల్లుడికిప్పుడు ఆఫీసులో జపాన్ భాష పాఠాలు చెబుతున్నారు. ఆ అంచు ఫోటో వెతికి పంపాను, ఏం రాసుందో చదవమని.